పాత రిమోట్ బటన్లను లెర్నింగ్ రిమోట్‌కి నేర్పించడం ఎలా?

టీవీకొకటి, సెట్‌టాప్ బాక్సుకొకటి, హోమ్ థియేటర్‌కొకటి. ఇన్ని రిమోట్ల పని ఒక్కదానితో కానివ్వాలంటే రెండు దారులున్నాయి. కంపెనీ కోడ్ కొట్టి సెట్ చేసుకునే యూనివర్సల్ రిమోట్ ఒకటి, పాత రిమోట్ సిగ్నల్‌ని చూసి కాపీ కొట్టే లెర్నింగ్ రిమోట్ ఇంకొకటి. కోడ్ లిస్టులో మీ వస్తువు లేకపోయినా రెండోది పనికొస్తుంది. కాకపోతే పాత రిమోట్ బాగున్నప్పుడే నేర్పించాలి, పాడయ్యాక చేసేదేమీ ఉండదు.

ముందు పాత రిమోట్ ఇన్‌ఫ్రారెడ్‌దో (కంటికి కనపడని కాంతితో సిగ్నల్ పంపేదో) కాదో చూడండి. ఫోన్ కెమెరా ఆన్ చేసి, రిమోట్ ముందున్న చిన్న బల్బును దానివైపు తిప్పి బటన్ నొక్కండి. స్క్రీన్ మీద తెల్లగానో ఊదాగానో మిణుకుమంటే ఇన్‌ఫ్రారెడ్దే. వెనక కెమెరాలో కనపడకపోతే సెల్ఫీ కెమెరాతో చూడండి, కొన్ని ఫోన్లలో వెనక కెమెరాకు ఆ కాంతిని ఆపే ఫిల్టర్ ఉంటుంది. అయినా ఏమీ కనపడకపోతే సెల్స్ అయిపోయి ఉండొచ్చు, లేదా అది బ్లూటూత్ రిమోట్ కావచ్చు. బ్లూటూత్ సిగ్నల్‌ని ఈ పద్ధతిలో నేర్పించలేం.

రెండు రిమోట్లలోనూ కొత్త సెల్స్ వేయండి. బల్ల మీద ఎదురెదురుగా, 2 నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో, బల్బులు ఒకే ఎత్తులో ఉండేలా పెట్టండి. ఎండ పడే చోట, ట్యూబ్‌లైట్ కింద వద్దు.

1. కొత్త రిమోట్‌లో సెట్ లేదా లెర్న్ బటన్‌ని లైట్ నిలకడగా వెలిగేదాకా నొక్కి పట్టుకోండి. కొన్ని మోడల్స్‌లో రెండు బటన్లు కలిపి నొక్కాలి, మాన్యువల్ చూడండి.
2. కొత్త రిమోట్‌లోనే, నేర్పించాల్సిన బటన్ నొక్కండి.
3. పాత రిమోట్‌లో అదే పని చేసే బటన్ నొక్కండి. లైట్ మిణుకుమంటే పట్టేసినట్టే.
4. మిగతావీ ఇలాగే చేసి, చివర్లో సెట్ నొక్కితే సేవ్ అవుతుంది.

అన్నీ నేర్పించాక టెస్ట్ చేద్దామనుకోకండి. పవర్, వాల్యూమ్ బటన్లు నేర్పించి, సేవ్ చేసి, టీవీ మీద చూశాకే ముందుకెళ్లండి.

ఎక్కువమందికి తేడా కొట్టేది మూడో స్టెప్ దగ్గరే. చాలా రిమోట్లలో వాడే ఎన్ఈసీ అనే సిగ్నల్ పద్ధతిలో బటన్ నొక్కగానే 32 బిట్ల (0, 1 అంకెల) కోడ్ ఒకసారి వెళ్తుంది. అలాగే పట్టుకుంటే ఆ తర్వాత వెళ్లేవి బటన్ కోడ్ లేని పొట్టి రిపీట్ సిగ్నల్స్ మాత్రమే. అందుకే మాన్యువల్ పట్టుకోమని చెప్తే తప్ప, ఒకసారి నొక్కి వదిలేయడం మేలు.

ఆర్‌సీ-5 అనే ఇంకో సిగ్నల్ పద్ధతి వాడే రిమోట్లతో ఇంకో చిక్కుంది. వాటి కోడ్‌లో ఒక బిట్ నొక్కినప్పుడల్లా మారుతుంది, అది చూసే టీవీ కొత్తగా నొక్కారని గుర్తుపడుతుంది. కాపీలో ఆ బిట్ మారకపోతే వరసగా రెండోసారి నొక్కినది పనిచేయకపోవచ్చు. 11వ ఛానల్ కోసం 1 రెండుసార్లు నొక్కితే ఒకటే పడుతుందన్నమాట. రిమోట్ చెడిపోయిందని టెన్షన్ పడకండి.

ఏసీ సంగతి వేరు. దాని రిమోట్ సాధారణంగా ఒక్కో నొక్కుకీ టెంపరేచర్, మోడ్, ఫ్యాన్ స్పీడ్ అన్నీ కలిపి పంపిస్తుంది. ఆ పొడవాటి సిగ్నల్‌ని కొన్ని లెర్నింగ్ రిమోట్లు అసలు పట్టలేవు. పట్టినా, 24 డిగ్రీల దగ్గర నేర్పించిన ప్లస్ బటన్ 25కి తీసుకెళ్లి అక్కడే ఆగిపోతుంది. ఏసీకి ఆన్, ఆఫ్, మీరు రోజూ వాడే ఒక సెట్టింగ్, ఈ మూడు నేర్పిస్తే చాలు. ఏసీ రిమోట్‌ని మాత్రం దాచుకోండి.