లైనక్స్ వేశాక వైఫై రావట్లేదా? ముందు చిప్ ఏదో చూడండి

ఉబుంటు గానీ లైనక్స్ మింట్ గానీ వేశాక అన్నీ బాగానే ఉండి వైఫై మాత్రం రాకపోతే, ఎక్కడో కనబడిన కమాండ్లను తెచ్చి పేస్ట్ చేయకండి. ఒకే మోడల్ ల్యాప్‌టాప్ వేర్వేరు వైఫై కార్డులతో వస్తుంటుంది. ఇంకొకరికి పనిచేసిన డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) మీకు పనికిరాకపోవడమే కాదు, సరైన డ్రైవర్‌కు అడ్డం కూడా పడొచ్చు.

టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండో) ‘ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కే’ అని కొట్టండి. ఇక్కడ తెలుగులో రాసిన కమాండ్లన్నీ ఇంగ్లిష్ చిన్నక్షరాల్లోనే టైప్ చేయాలి. వచ్చినదాంట్లో ‘నెట్‌వర్క్ కంట్రోలర్’ వరుస చూడండి. దాని చివర్లో బ్రాకెట్ల మధ్య, కోలన్‌కు అటూ ఇటూ నాలుగేసి అక్షరాలుంటాయి. మొదటి నాలుగూ తయారీదారువి: 8086 అయితే ఇంటెల్, 14ఇ4 బ్రాడ్‌కామ్, 10ఇసి రియల్‌టెక్, 14సి3 మీడియాటెక్. ఆ కిందే ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అని లేకపోతే డ్రైవర్ ఎక్కలేదన్నమాట. ఉండి కూడా వైఫై రాకపోతే ఫర్మ్‌వేర్ (కార్డులోకి ఎక్కే చిన్న ప్రోగ్రామ్) లేకపోవడమో, కార్డు రేడియో ఆగి ఉండటమో చాలావరకు కారణం.

రేడియో సంగతి ‘ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్’ చెబుతుంది. సాఫ్ట్ బ్లాక్ (సాఫ్ట్‌వేర్ ఆపింది) ఉంటే ‘సుడో ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై’ చాలు. హార్డ్ బ్లాక్ ఉంటే కీబోర్డు మీద విమానం బొమ్మ ఉన్న కీ, లేదా పక్కనుండే స్విచ్ చూడండి. విండోస్ కూడా ఉన్న ల్యాప్‌టాప్ అయితే అందులో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. అది విండోస్‌ను పూర్తిగా ఆపదు కాబట్టి, కార్డు సగం నిద్రలోనే లైనక్స్ చేతికొస్తుంది.

డ్రైవర్ దించుకోవడానికి నెట్ కావాలి కదా, ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఫోన్ ఇంటి వైఫైకి కనెక్టయి ఉంటే ఆ నెట్టే ల్యాప్‌టాప్‌కు వస్తుంది, మొబైల్ డేటా ఖర్చు కాదు.

పాత ల్యాప్‌టాప్‌లలో తరచూ కనబడే బ్రాడ్‌కామ్ బీసీఎం43142 చిప్‌నే తీసుకుందాం. టెథరింగ్ పెట్టి, ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’ కొట్టి, ఉబుంటులో ‘అడిషనల్ డ్రైవర్స్’, మింట్‌లో ‘డ్రైవర్ మేనేజర్’ తెరవండి. బ్రాడ్‌కామ్ డ్రైవర్ ఎంచుకుని అప్లై చేయండి. సెక్యూర్ బూట్ (నమ్మదగిన సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను అడ్డుకునే రక్షణ) ఆన్‌లో ఉంటే ఇక్కడ ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. చాలామంది తప్పేది ఆ తర్వాతే. రీస్టార్ట్ కాగానే నీలం తెర వస్తుంది, 10 సెకన్లలో ఏదో ఒక కీ నొక్కాలి. తర్వాత ‘ఎన్‌రోల్ ఎంఓకే’, ‘కంటిన్యూ’, ‘యెస్’, ఆ పాస్‌వర్డ్, చివరికి ‘రీబూట్’. కీ నొక్కకపోతే సిస్టమ్ మామూలుగానే లేస్తుంది, కానీ డ్రైవర్ మీదున్న సంతకాన్ని కెర్నల్ (లైనక్స్‌కు మూలమైన ప్రోగ్రామ్) నమ్మదు, డ్రైవర్‌ను లోడ్ కానివ్వదు. తెర తప్పిపోతే ‘సుడో అప్‌డేట్-సెక్యూర్‌బూట్-పాలసీ --ఎన్‌రోల్-కీ’ కొట్టి మళ్లీ రీస్టార్ట్ చేయండి. సెక్యూర్ బూట్‌నే ఆపేయడం సులువే గానీ, పది సెకన్ల పనికి రక్షణ వదులుకోనక్కర్లేదు.

రియల్‌టెక్, మీడియాటెక్ కొత్త చిప్‌లకు చాలాసార్లు కావాల్సింది వేరే డ్రైవర్ కాదు, కొత్త కెర్నల్. ఉదాహరణకు రియల్‌టెక్ 8852బీఈ డ్రైవర్ కెర్నల్ 6.2లో చేరింది, అంతకన్నా పాత కెర్నల్‌తో తంటాలు పడకుండా అప్‌డేట్ చేసుకోవడం మేలు. ఇంటెల్‌కు డ్రైవర్ సాధారణంగా కెర్నల్‌లోనే ఉంటుంది, ఎక్కువసార్లు తక్కువయ్యేది ఫర్మ్‌వేర్. ‘సుడో డీమెసేజ్’ కొట్టి (స్పెల్లింగ్ డి, ఎం, ఇ, ఎస్, జి) ఫర్మ్‌వేర్ లోడ్ కాలేదన్న వరుస కోసం వెతకండి. ఉబుంటులో ‘లైనక్స్-ఫర్మ్‌వేర్’ ప్యాకేజీ అప్‌డేట్ చేస్తే సరిపోతుంది. డెబియన్ అయితే 2023లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌లోనే ఉంది.

  

కెర్నల్ అప్‌డేట్ అయిన మర్నాడు బ్రాడ్‌కామ్ వైఫై మాయమైతే కంగారు పడకండి. ఆ డ్రైవర్‌ను ప్రతి కొత్త కెర్నల్‌కూ మళ్లీ కంపైల్ చేయాలి, హెడర్స్ (కంపైల్‌కు కావాల్సిన కెర్నల్ ఫైళ్లు) లేకపోతే ఆ పని జరగదు. డ్రైవర్ ఏ కెర్నళ్లకు కంపైల్ అయిందో చూపే ‘డీకేఎంఎస్ స్టేటస్’లో కొత్త కెర్నల్ పేరు లేకుంటే, గ్రబ్‌లో (కంప్యూటర్ లేచేటప్పుడు వచ్చే మెనూ) ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ నుంచి పాత కెర్నల్‌తో లేవండి. వైఫై వస్తుంది, ఆ నెట్‌తోనే కొత్త కెర్నల్ హెడర్స్ దించుకోండి.