క్రాక్ వేశాక ల్యాప్‌టాప్ ఆన్ అవ్వట్లేదా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చేయండి

మొన్న శుక్రవారం రాత్రి పదకొండు దాటాక మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. వాడు ఇక్కడే బెంగళూరులో, బీటీఎం లేఅవుట్‌లో పీజీలో ఉంటూ కోర్సు చేస్తున్నాడు, నేను మారతహళ్లిలో ఉంటాను. "అన్నా, ల్యాప్‌టాప్ ఆన్ అవ్వట్లేదు, లోగో వస్తోంది, కింద చుక్కలు తిరుగుతూనే ఉన్నాయి, సోమవారం ప్రాజెక్ట్ చూపించాలి" అన్నాడు. ఏం చేశావురా అంటే ఏమీ చేయలేదన్నాడు. ఇంకో రెండుసార్లు అడిగాక చెప్పాడు, రూమ్‌మేట్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ క్రాక్, అంటే డబ్బు కట్టకుండా వాడుకునే దొంగ కాపీ, వేశానని. జిప్ ఫైల్‌కి పాస్‌వర్డ్ ఉంది, ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపేయమని పక్కనే ఒక నోట్ కూడా ఉంది.

ఈ రెండూ ఎందుకు పెడతారో తెలిస్తే తర్వాత ఏం చేయాలో అర్థమవుతుంది. పాస్‌వర్డ్ ఉన్న జిప్ లోపల ఏముందో యాంటీవైరస్ చూడలేదు. విప్పాక చూడగలదు కాబట్టి అప్పటికి దాన్ని మన చేతే ఆపిస్తారు. ఆ పైన "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" నొక్కామంటే ఇంటి తాళాలు వాళ్ల చేతిలో పెట్టినట్టే. ఇలా వచ్చేవాటిలో చాలావరకు బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, లాగిన్ కుకీలు (మళ్లీ మళ్లీ లాగిన్ అడగకుండా బ్రౌజర్ దాచుకునే గుర్తులు) ఎత్తుకుపోయే రకం. లూమా అనే ఒక్క దాని బారినే 2025 మార్చి, మే మధ్య రెండు నెలల్లో 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లు పడ్డాయని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది.

అందుకే మొదటి పని ల్యాప్‌టాప్ దగ్గర కాదు, ఫోన్‌లో. ముందు మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి, ఎందుకంటే మిగతా అన్నింటి పాస్‌వర్డ్ రీసెట్ లింకులూ దానికే వస్తాయి. తర్వాత బ్యాంకు, ఆ తర్వాత ఇన్‌స్టాగ్రామ్ లాంటివి. పాస్‌వర్డ్ మార్చి ఊరుకోవద్దు, సెట్టింగ్స్‌లో అన్ని డివైస్‌ల నుంచి సైన్ అవుట్ చేయండి. కుకీ చేతికి చిక్కితే పాస్‌వర్డ్ అడగకుండానే లోపలికి వచ్చేస్తారు, ఓటీపీ కూడా రాదు. ఈ పాటికే డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమయ్యే కొద్దీ ఆ డబ్బు ఆపడం కష్టమవుతుంది.

ఇప్పుడు ల్యాప్‌టాప్ దగ్గరికి వద్దాం. పెన్‌డ్రైవ్‌లు, డాంగిల్స్ అన్నీ పీకేయండి, ఛార్జర్ మాత్రం ఉంచండి. కంపెనీ లోగో కూడా రాకుండా స్క్రీన్ నల్లగానే ఉంటే అది హార్డ్‌వేర్ సమస్య కావచ్చు, సర్వీస్ సెంటర్‌లో చూపించాలి. లోగో వస్తుంటే మాత్రం ఇంట్లోనే చాలా చేయొచ్చు. చుక్కలు తిరగడం మొదలవగానే పవర్ బటన్ 10 సెకన్లు నొక్కి పట్టుకుని ఆపేయండి. మళ్లీ ఆన్ చేసి మళ్లీ అలాగే ఆపండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే విండోస్ తనంతట తానే ఆటోమేటిక్ రిపేర్‌లోకి వెళ్తుంది, అక్కడ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కనిపిస్తాయి.

ఇక్కడ కొందరికి బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) కీ అడుగుతుంది, 48 అంకెలది. కంగారుపడి ఏదో ఒకటి నొక్కకండి. ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి డివైసెస్‌లో చూస్తే చాలావరకు అక్కడే ఉంటుంది. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఐటీ వాళ్లనే అడగాలి, అసలు ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఇలా జరిగితే దాచకుండా ఆ రోజే చెప్పేయండి.

రిపేర్ కంటే ముందు ఫైల్స్ బయటికి తీయాలి. దీనికి ఒక మంచి దారి ఉంది, మా వాడి ప్రాజెక్ట్ దక్కింది దీనివల్లే. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, కమాండ్ ప్రాంప్ట్ వరుసగా తెరవండి. నల్ల విండోలో నోట్‌ప్యాడ్ అని ఇంగ్లీషులో టైప్ చేసి ఎంటర్ కొడితే మామూలు నోట్‌ప్యాడ్ వస్తుంది. అందులో ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కి, కింద టెక్స్ట్ ఫైల్స్ అని ఉన్నచోట ఆల్ ఫైల్స్ పెట్టండి. మీ డ్రైవ్‌లన్నీ కనిపిస్తాయి. సీ డ్రైవ్ ఇక్కడ వేరే అక్షరంతో కనిపించొచ్చు, భయపడకండి, యూజర్స్ ఫోల్డర్ ఎందులో ఉందో చూసుకోండి. అందులోంచి మీ ఫోల్డర్‌ని రైట్ క్లిక్ చేసి కాపీ చేసి, ఖాళీ పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్ డిస్క్‌లోనో పేస్ట్ చేయండి. ఎంత అయిందో చూపించే గీత రాకపోవచ్చు, విండో బిగుసుకుపోయినట్టు ఉన్నా కట్టేయకుండా ఓపిక పట్టండి, మా వాడివి రావడానికి నలభై నిమిషాలు పట్టింది. ఫోటోలు, డాక్యుమెంట్లు, కోడ్ మాత్రమే తీసుకోండి, ఇన్‌స్టాలర్లు ఒక్కటి కూడా వద్దు.

ఫైల్ పేర్ల చివర ఎప్పుడూ చూడని అక్షరాలు చేరి, ప్రతి ఫోల్డర్‌లో డబ్బు కట్టమనే నోట్ కనిపిస్తే అది ర్యాన్సమ్‌వేర్, అంటే ఫైల్స్‌కి తాళం వేసి డబ్బు అడిగే రకం. డబ్బు కట్టకండి, ఆ ఫైల్స్‌ని చెరపకుండా విడిగా దాచండి. యూరోపోల్, డచ్ పోలీసులు, సెక్యూరిటీ కంపెనీలు కలిసి 2016లో మొదలుపెట్టిన నో మోర్ ర్యాన్సమ్ సైట్‌లో కొన్ని రకాలకు తాళం తీసే టూల్స్ ఉచితంగా దొరుకుతాయి. అన్నింటికీ లేవు, ఈరోజు లేనిది తర్వాత రావచ్చు.

ఫైల్స్ చేతికొచ్చాక కావాలంటే సిస్టమ్ రీస్టోర్‌తో క్రాక్ వేయకముందు తేదీకి వెళ్లొచ్చు, విండోస్ అంతకుముందే దాచుకున్న రీస్టోర్ పాయింట్ ఉంటేనే. లేదంటే స్టార్టప్ సెట్టింగ్స్‌లో 4 నొక్కి, తప్పనిసరివి మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయొచ్చు. చాలామంది ఇక్కడ ల్యాప్‌టాప్ ఆన్ అవగానే హమ్మయ్య అని వదిలేస్తారు, నాకు బాధ కలిగించేది అదే. ఆన్ అవుతోందంటే లోపలికి వచ్చింది బయటికి పోయిందని కాదు. అడ్మిన్ హక్కులతో నడిచింది ఎక్కడెక్కడ దాక్కుందో మీరూ నేనూ వెతికి పట్టుకోలేం, విండోస్ కొత్తగా వేయడమే సరైన పని.

దానికి కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్, నమ్మకమైన ఇంకో కంప్యూటర్ కావాలి. మైక్రోసాఫ్ట్ సైట్‌లోంచి మీడియా క్రియేషన్ టూల్ దించుకుని పెన్‌డ్రైవ్ తయారు చేయండి, అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. డెల్, లెనోవోలో ఆన్ చేస్తూనే ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కితే ఒక మెనూ వస్తుంది, అందులో పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే దాన్నుంచి ఆన్ అవుతుంది. కస్టమ్ ఇన్‌స్టాల్ ఎంచుకుని పాత విండోస్ ఉన్న పార్టిషన్ (డిస్క్‌లో ఆ భాగం) డిలీట్ చేసి అక్కడే వేయండి. మనవాళ్లు డీ డ్రైవ్‌లో సినిమాలు, సెటప్‌లు అన్నీ పోగేస్తారు కదా, దాన్ని ఉంచితే ఫుల్ స్కాన్ చేసేదాకా అందులో ఏదీ తెరవద్దు.

షాపులో చేయిస్తే, ల్యాప్‌టాప్‌తో వచ్చిన విండోస్ ఎడిషనే (హోమ్, ప్రో లాంటిది) వేస్తారా అని ముందే అడగండి. విండోస్‌తో కొన్న ల్యాప్‌టాప్‌లలో, విండోస్ 8 వచ్చినప్పటి నుంచి, లైసెన్స్ మదర్‌బోర్డులోనే ఉంటుంది. అదే ఎడిషన్ వేస్తే కీ అడగకుండానే యాక్టివేట్ అవుతుంది. హోమ్ ఎడిషన్‌తో కొన్న నా పాత ల్యాప్‌టాప్‌కి ఎస్పీ రోడ్ వైపు ఒక షాపులో ప్రో వేసి, యాక్టివేటర్ అని ఇంకో క్రాక్ పెట్టి ఇచ్చారు, పైగా దానికి డబ్బు కూడా తీసుకున్నారు. అందుకని ఇంటికి తెచ్చుకునే ముందే సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ తెరిచి డిజిటల్ లైసెన్స్ అని ఉందో లేదో షాపులోనే చూసుకోండి.

ఎడిటింగ్‌కి డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలు, మా వాడి పని దాంతోనే జరుగుతోంది. ఆఫీసు పనికి లిబ్రేఆఫీస్ ఉంది. తెలుగు డిజైన్లకి మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి, వాటికోసం ఎవరి పెన్‌డ్రైవ్ అడగక్కర్లేదు.

వాడి రూమ్‌మేట్లు ఇద్దరూ అదే ఫైల్ వేసుకున్నారని శనివారం తెలిసింది. వాళ్ల ల్యాప్‌టాప్‌లు ఏ ఇబ్బందీ లేకుండా ఆన్ అవుతున్నాయి. అయినా ఆదివారం పొద్దున పీజీలో ఉప్మా తిని కూర్చుని, ముందు ముగ్గురి మెయిల్ పాస్‌వర్డ్‌లు ఫోన్లలో మార్పించి, ఆ పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసి, సాయంత్రానికి మూడు ల్యాప్‌టాప్‌లకూ విండోస్ కొత్తగా వేశాం.