వీగన్‌గా వరంగల్‌కు తిరిగొస్తున్నవాళ్లకు

అమెరికాలోనో జర్మనీలోనో చదువుకుంటూ వీగన్‌గా, అంటే మాంసంతో పాటు పాలు, గుడ్డు, తేనె కూడా తినని మనిషిగా మారి, ఇప్పుడు ఉద్యోగానికో అమ్మానాన్నలను చూసుకోవడానికో హనుమకొండకో, కాజీపేటకో, కరీంనగర్‌కో వస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. విదేశంలోనే పుట్టి, తాతగారింట్లో ఏడాది ఉందామని వచ్చే పిల్లలకూ పనికొస్తుంది. ఇక్కడ తినడానికి ఏమీ దొరకదేమోనని టెన్షన్ పడకండి. తిండి తేలిక. తినని వాటి గురించి జవాబు చెప్పుకోవడమే కష్టం. అందుకే ముందు ఆ సంగతి.

2014 నాటి కేంద్ర ప్రభుత్వ నమూనా నమోదు సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు దాటినవాళ్లలో 98 శాతానికి పైగా మాంసాహారులు. దేశంలో ఇదే ఎక్కువ. కాబట్టి ఇక్కడ ఎవరైనా మటన్ వద్దన్నారంటే జనానికి నాలుగైదు కారణాలే తోస్తాయి: కులం, శనివారం, అయ్యప్ప మాల, డాక్టర్ మాట, లేదా అలక. "మాల ఏసుకున్నవా బిడ్డా?" అని పెద్దమ్మ అడిగితే అది వెటకారం కాదు, నిజంగానే అడుగుతోంది. చిక్కేమిటంటే, ఈ కారణాల్లో ఏ ఒక్కదానికీ ఎవరూ పాలు మానరు. మటన్ మానినవాళ్లు పెరుగు ఇంకో గరిటె ఎక్కువే వేసుకుంటారు. మీరు మజ్జిగ కూడా వద్దనేసరికి ఎదుటివాళ్లకు ఏమనుకోవాలో పాలుపోదు.

వీగన్ అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటే పని జరగదు. "పాలు, పెరుగు, నెయ్యి, వెన్న, గుడ్డు, తేనె ఏవీ తినను అత్తమ్మా" అని పేరుపేరునా చెప్పండి. కారణం అడిగితే జీవాల కోసం మానేశానని ఒక్క వాక్యంలో చెప్పేయండి. ఆరోగ్యం కోసమని మాత్రం అనకండి. అన్నారంటే నాటుకోడి బలానికి మంచిదని, గేదె పాలు వద్దంటే ఆవు పాలు అరుగుతాయని ప్రతి ఇంట్లోనూ ఒక వైద్యం మొదలవుతుంది. ఆరోగ్యం మీద వాదించేవాడికి వైద్యమే ఎదురొస్తుంది. జాలి మీద నిలబడ్డవాడిని మహా అయితే నవ్వి వదిలేస్తారు.

ఇల్లు వెతుక్కునేటప్పుడు

టు-లెట్ బోర్డు మీద "వెజిటేరియన్స్ ఓన్లీ" అని కొన్నిచోట్ల కనిపిస్తుంది. బోర్డు మీద లేకపోయినా, తాళంచెవి చేతికిచ్చే ముందు ఓనరు గారు అడుగుతారు. ఆ ప్రశ్న చాలాసార్లు కూరల గురించి కాదు, కులం గురించి, మతం గురించి. ఆ పరీక్షలో మీరు ఇట్టే పాసవుతారు, పైగా గుడ్డు కూడా తినని అద్దెదారు దొరికాడని ఓనరు సంతోషిస్తాడు కూడా. నా మట్టుకు నేను ఆ ఇల్లు తీసుకోవద్దంటాను. జీవాల మీద జాలితో మీరు పెట్టుకున్న నియమం, పక్కింటి మనిషిని గేటు బయట నిలబెట్టే నియమానికి సాక్ష్యంగా మారుతుంది. రేపు మీ స్నేహితుడు బిర్యానీ డబ్బా పట్టుకుని వస్తే మెట్ల మీద ఆపేది మీ ఓనరే, చూస్తూ నిలబడేది మీరు.

ఇదేదో దూరాలోచన కాదు. ఇక్కడ కంచంలో ఏముందన్నది రాజకీయమే. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ పెట్టినప్పుడు క్యాంపస్‌లో గొడవలు, దాడులు జరిగాయి. పెద్దకూర తినేవాళ్లను చులకన చేయడానికి శాకాహారాన్ని అడ్డం పెట్టుకున్న చరిత్ర చాలా పాతది. ఆ చరిత్ర మోసినవాళ్ల ముందు మీరు మాంసం గురించి నీతి మొదలుపెడితే, మీ గొంతులో వాళ్లకు వినిపించేది పాత గొంతే. మీ ఉద్దేశం మంచిదే కావచ్చు, అయినా అంతే.

అందుకే ఇక్కడ వీగన్ వాదన ఎప్పుడైనా మొదలుపెట్టాల్సి వస్తే పాలతో మొదలుపెట్టండి, మాంసంతో కాదు. శాకాహారపు ఇళ్లల్లో అన్నిటికన్నా పవిత్రంగా చూసేది పాలనే కదా. దాన్నే ప్రశ్నించేవాడిని అగ్రకుల శాకాహారి కింద జమ కట్టడం ఎవరికీ కుదరదు.

పాల వాదన

2021లో అమూల్‌ను మొక్కల పాలకు మారమని జంతు హక్కుల సంస్థ పెటా ఇండియా ఉత్తరం రాసింది. పది కోట్ల మంది పాడి రైతులు ఏం కావాలని అమూల్ తరఫున ఎదురు ప్రశ్న వచ్చింది. టీవీలో అది రెండు రోజుల రచ్చ. ఇక్కడ మాత్రం ఆ ప్రశ్నకు ఊరూ పేరూ ఉన్నాయి. భీమదేవరపల్లి మండలం ముల్కనూరులో 2000 నుంచి మహిళల పాల సహకార సంఘం నడుస్తోంది, స్వకృషి పేరుతో పాల ప్యాకెట్లు వస్తాయి. సభ్యులూ, పాలకవర్గమూ ఆడవాళ్లే. పత్తి డబ్బు ఏడాదికోసారి వచ్చి అప్పుల్లోకి పోతుంది, పాల బిల్లు మాత్రం నెల తిరక్కుండానే ఇంటి ఆడమనిషి చేతికి వస్తుంది. కూరగాయలు, పిల్లల ఫీజులు దాంతోనే. గొర్రెల సంగతీ ఇంతే. 2017లో రాష్ట్ర ప్రభుత్వం గొల్ల కురుమలకు 75 శాతం సబ్సిడీతో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చింది. ఊళ్లో వాదనకు దిగేవాళ్లు ఇవన్నీ తెలిసి దిగాలి.

అలాగని మీ దగ్గర మాట లేదని కాదు. ట్రాక్టర్ వచ్చాక గేదెకు పుట్టిన మగదూడతో ఇంట్లో పని లేదు. దానికి వదిలే పాలు నష్టం కింద లెక్క. కొంత పెరిగాక అది అంగడికి పోతుంది, అక్కడినుంచి ఎటు పోతుందో అందరికీ తెలుసు. ఒట్టిపోయిన గేదె దారీ అదే. గేదెను మేపే ఆమెకు ఇది మీకన్నా బాగా తెలుసు. ఎప్పుడైనా నెమ్మదిగా అడిగి చూడండి, మీరు చెప్పబోయేది ఆమే చెప్తుంది, చెప్పి గేదెకు నీళ్లు పెట్టడానికి లేస్తుంది. పాల వల్ల ఎవరి కడుపు నిండుతోంది, ఏ దూడ కడుపు ఎండుతోంది అన్న రెండు లెక్కలూ ఒకే దొడ్లో ఉన్నాయి. ఒకటి చెప్పి రెండోది దాచేవాళ్ల మాట, ఏ పక్షమైనా, నేను నమ్మను.

ఇక తిండి

బాస్మతి, టోఫు, బాదం పాలు వెతుక్కుంటూ తిరిగితే నెలాఖరుకు జేబు ఖాళీ. వరంగల్ వంటింట్లో సగం వంటలు మీకోసం చేసినట్టే ఉంటాయి. సర్వపిండిలో బియ్యప్పిండి, పల్లీలు, నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, కారం, కరివేపాకు, నూనె. అంతే. సకినాల్లో బియ్యప్పిండి, నువ్వులు, వాము. మక్క గారెలు, జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం, పుంటికూర పప్పు, చింతచిగురు పప్పు, పొయ్యి ఎక్కని పచ్చి పులుసు, వీటిలో దేనికీ మిమ్మల్ని చూసి మార్పు చేయాల్సిన అవసరం లేదు. అంబలి తాగేముందు మాత్రం చల్ల కలిపారేమో అడగండి.

భోజనం చివర పెరుగు లేకపోవడమే చాలామందికి అసలు బెంగ. పల్లీ పెరుగు చేసుకోండి. గ్లాసు పల్లీలు రాత్రి నానబెట్టి, పొట్టు తీసి, మూడు నాలుగు గ్లాసుల నీళ్లతో మెత్తగా రుబ్బి, గుడ్డలో వడగట్టి, అడుగంటకుండా కలుపుతూ కాచాలి. గోరువెచ్చగా అయ్యాక తొడిమలతో సహా నాలుగైదు పచ్చిమిరపకాయలు వేసి మూత పెడితే ఇక్కడి ఎండలకు ఎనిమిది పది గంటల్లో తోడుకుంటుంది. మొదటి తోడు రుచిగా ఉండదు, దాన్నే తోడుగా వాడితే రెండోసారి బాగుంటుంది. పల్లీ వాసన నచ్చనివాళ్లు ఆవాలు, కరివేపాకు పోపు పెట్టుకోవచ్చు. వడగట్టగా మిగిలిన పిప్పి వంకాయ కూరలోకి పోతుంది.

పప్పులతో పాటు మీల్ మేకర్ ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతుంది. ఆదిలాబాద్, నిర్మల్ వైపు సోయా బాగా పండుతుంది కాబట్టి గింజలు కొని పాలు తీసుకోవడం కూడా కష్టమేమీ కాదు. కాల్షియానికి తైదలు (రాగులు), నువ్వులు ఉండనే ఉన్నాయి. వంద గ్రాముల తైదల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది.

బయట తినేటప్పుడు జాగ్రత్త. దోశ మీద నెయ్యి వద్దు, నూనె వేయమని ముందే చెప్పాలి. ఉప్మాలో నెయ్యి ఉండొచ్చు, అడగండి. బిస్కెట్లు, బ్రెడ్డు కొనేముందు ప్యాకెట్ వెనక పాలపొడి పేరు వెతకండి. దావత్‌లో దాల్చా పప్పే కదా అని గరిటె పెట్టకండి, చాలాచోట్ల అందులో బొక్కలు వేసి ఉడికిస్తారు. ప్యాకెట్ మీది ఆకుపచ్చ చుక్క మీకు సరిపోదు, పాలు, తేనె ఉన్నవాటికీ ఆ చుక్కే వేస్తారు. ఆహార భద్రతా సంస్థ 2022లో వీగన్ ఆహారానికి వేరే నిబంధనలు తెచ్చింది, ఆకుపచ్చ రంగు వీ అక్షరం మీద చిన్న ఆకు ఉండే గుర్తు వాటిదే. సోయా, ఓట్స్‌తో చేసినవాటిపై పాలు అని రాయనివ్వరు, డ్రింక్ అనో బేవరేజ్ అనో రాసి ఉంటుంది.

పండుగలు

బతుకమ్మలో చింతపండు, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వుల సద్దులు హాయిగా తినొచ్చు. పెరుగు సద్ది వదిలేయండి. నానబియ్యం, వెన్నముద్దల రోజులు మీవి కావు. మలీద ముద్దలు చేసేటప్పుడు నెయ్యి కలపకముందే కాస్త తీసిపెట్టమంటే ఏ వదినా కాదనదు. మేడారం వెళ్తే నిలువెత్తు బంగారం, అంటే బెల్లం, మొక్కుకోవచ్చు. కొత్తకొండ వీరభద్రుడికి గుమ్మడికాయలు సమర్పిస్తారు. మేడారంలో మేకలూ కోళ్లూ కోస్తారు నిజమే, జంతుబలిని నిషేధించే 1950 నాటి చట్టం కాగితం మీద ఉన్నదీ నిజమే. ఆదివారం పొద్దున మటన్ షాపు ముందు క్యూ చూసి మాట్లాడని మనిషి, కోయ పూజారుల జాతరలో చట్టం చదవడం నాకు నచ్చదు.

బట్టల గురించి ఎక్కువ చెప్పను. పెళ్లిళ్లలో పట్టు చీర కట్టకపోతే అడుగుతారు, సిద్దిపేట గొల్లభామ చీర కట్టుకోండి. నూలుదే, అంచు మీద పాలకుండ మోసే గొల్లభామ ఉంటుంది మరి, ఏం చేస్తాం.

బి12

ఇది మాత్రం వాదనకు అతీతం. మొక్కల్లో నమ్మదగ్గ బి12 విటమిన్ లేదు. తిండిలో చేర్చినవి ఇక్కడ తక్కువే దొరుకుతాయి కాబట్టి రోజూ 10 మైక్రోగ్రాములో, వారానికి ఒకసారి 2000 మైక్రోగ్రాములో మాత్ర వేసుకోవాలి. వీగన్ సొసైటీ చెప్పే లెక్క ఇదే. మెడికల్ షాపులో క్యాప్సూల్ ఇస్తే పై తొడుగు జెలటిన్‌దా (జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది) కాదా చూసుకుని, టాబ్లెట్ అడగండి. విటమిన్ డి3 చాలావరకు గొర్రె ఉన్ని జిడ్డు నుంచి తీస్తారు, రాళ్ల మీద, చెట్ల మీద నాచులా పెరిగే లైకెన్ నుంచి తీసినది ఆన్‌లైన్‌లో వస్తుంది. సైంధవ లవణం ఫ్యాషన్‌లో పడి అయోడిన్ ఉప్పు మానకండి. కాళ్లు తిమ్మిర్లెక్కుతుంటే డాక్టర్ దగ్గరికి వెళ్లి తినే తిండి ఏమిటో దాచకుండా చెప్పండి. పాలు తాగమంటే తలూపి, బి12 పరీక్ష రాయించుకుని రండి.

చివరగా దావత్ సంగతి. ముందురోజు ఫోన్ చేసి నేను మాంసం తిననని చెప్తే, పాపం వాళ్లు మీకోసమే ప్రత్యేకంగా పనీర్ వండిస్తారు. చెప్పకుండా వెళ్లి బగారా అన్నం, పచ్చి పులుసు తినడం మేలు. బగారాలో నెయ్యి వేశారో లేదో వంట అన్నను అడిగితే చెప్తాడు. పనీర్ వడ్డించేశాక పక్కవాడి కంచంలోకి జరిపేయడమా, నాలుగు మాటలు చెప్పి వెనక్కి పంపడమా అన్నదాని మీద నాకు తెలిసిన వీగన్లలోనే ఏకాభిప్రాయం లేదు. ఇంగ్లండులో 1944లో మొదలైన వీగన్ సొసైటీ నిర్వచనంలోనే సాధ్యమైనంత, ఆచరణకు వీలైనంత అన్న మాట ఉంది. నేనైతే పక్కవాడి కంచంలోకే జరుపుతాను, వాడు వద్దనడు.