ప్లేస్కూల్లో స్నాక్స్ వంతులు: 20 మంది పిల్లలకి ఏం పంపాలి, ఎంత పంపాలి

రోజుకొక ఇంటివాళ్ళు క్లాసంతటికీ తినడానికి పంపే ఏర్పాటు చాలాచోట్ల నెల తిరక్కుండానే మూలపడుతుంది. ఒకరు బిస్కెట్ ప్యాకెట్లు పంపుతారు, మర్నాడు ఇంకొకరు కేకూ జ్యూసూ పంపుతారు, మూడోవాళ్ళకి దిగులు పట్టుకుంటుంది. అందుకే ఏం పంపాలన్నది వంతు వచ్చినవాళ్ళ ఇష్టానికి వదలొద్దు. రోజుని బట్టి ముందే కట్టేయండి: సోమవారం గుగ్గిళ్ళు, మంగళ, గురువారాలు పళ్ళు, బుధవారం ఇడ్లీ గానీ ఉగ్గాని గానీ, శుక్రవారం రాగి ఉండలు. ఖర్చుకీ ఒక హద్దు పెట్టండి. 300 రూపాయలంటే ఎవరికీ బరువుండదు, పోటీకీ చోటుండదు.

20 మంది పిల్లలు, వారానికి 5 రోజులు అనుకుంటే ఒక్కో ఇంటికి 4 వారాలకొకసారి వంతు వస్తుంది, అదీ ఎప్పుడూ వారంలో అదే రోజు. పొద్దున్నే డ్యూటీకి పరిగెత్తేవాళ్ళకి పళ్ళ రోజు రాయండి. సెలవొస్తే ఆ వంతు పోయినట్టే. మర్నాటికి జరిపితే పట్టిక మొత్తం కదిలిపోయి, ఎవరి రోజు ఏదో ఎవరికీ తెలియకుండా పోతుంది. వంతు మార్చుకోవాలంటే వాళ్ళే ఇంకొకరిని మాట్లాడుకుని, క్లాసు తలుపు మీది కాగితంలో దిద్దాలి. వాట్సాప్‌లో పెట్టింది గుడ్ మార్నింగుల కింద పూడిపోతుంది.

మొదటి వంతుకి ముందే ప్రతి ఇంటినీ అడిగి రాసుకోండి: పల్లీ, జీడిపప్పు, నువ్వులు, పాలు, గుడ్డు, గోధుమ, వీటిలో పిల్లకి పడనిదేమైనా ఉందా? ఒక్కరికి పల్లీ పడకపోయినా అది పట్టికలో ఎవరికీ ఉండకూడదు. పల్లీ పొడి కొట్టిన మిక్సీ జార్ మూత రబ్బరులో మిగిలే పొడి కూడా ప్రమాదమే. గోధుమ పడని పిల్ల ఉంటే ఇంగువ డబ్బా మీద చదవండి, చాలా రకాల్లో గోధుమ పిండో మైదానో కలుస్తుంది. ఉల్లి, వెల్లుల్లి, గుడ్డు అసలే లేకుండా వండితే ఏ పిల్లనీ పక్కన కూర్చోబెట్టాల్సిన పని రాదు.

పరిమాణంలో అందరూ చేసే తప్పు ఎక్కువ పంపడం. మూడు, నాలుగేళ్ళ పిల్లకి పదిన్నరకి 50 గ్రాములు చాలు, మించితే మధ్యాహ్నం అన్నం ముట్టదు. 400 గ్రాముల పెసలు నానబెట్టి ఉడికిస్తే దాదాపు కిలో అవుతుంది, 20 మందికీ సరిపోతుంది. రాత్రే నానబెట్టి, పొద్దున కుక్కర్లో 2 కూతలు రానివ్వండి. ఒక గింజని బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కితే మెత్తగా నలగాలి. నలగకుండా రెండు బద్దలుగా జారిందంటే ఇంకా ఉడకలేదు. తాలింపులో ఎండుమిర్చి వద్దు. ఒక్క ముక్క ఒకరి నోట్లో పడిందంటే ఆ రోజు గిన్నె నిండుగానే ఇంటికొస్తుంది. కరివేపాకు సన్నగా తరిగెయ్యండి. వడ్డించే గరిటె కూడా గిన్నెతోనే పంపి, మనిషికి ఎన్ని గరిటెలో మూత మీద రాయండి.

రాగి ఉండలకి పిండి 250 గ్రాములు, బెల్లం తురుము 150, నెయ్యి 75. పిండిని సగం నేతిలో సన్నని సెగ మీద పచ్చివాసన పోయేదాకా వేయించి, దించాక బెల్లం, మిగతా నెయ్యి కలిపి, వేడి మీదే ఉసిరికాయంత ఉండలు చుట్టండి. 20 పైనే వస్తాయి. చల్లారి విడిపోతుంటే ఒక చెంచా వేడి నెయ్యి వెయ్యండి. పాలు చల్లితే ఉండ కడుతుంది గానీ తొందరగా పాడవుతుంది.

గొంతుకి అడ్డుపడేవి ఈ వయసులో అసలైన భయం. ద్రాక్షని నిలువునా నాలుగు ముక్కలు చెయ్యాలి, అడ్డంగా కోసిన గుండ్రటి ముక్క సరిగ్గా గొంతులో బిరడాలా కూర్చుంటుంది. పచ్చి క్యారెట్ ముక్కలు వద్దు, ఆవిరి మీద ఉడికించాలి. యాపిల్ పల్చని చెక్కలుగా ఉండాలి. పల్లీలు, జీడిపప్పు గింజలుగా వద్దు, పాప్‌కార్న్ కూడా వద్దు. సెనగలు గరిటెతో ఒత్తి చిదిపి పంపండి. అరటిపండు మనిషికి సగం, అంటే 10 పళ్ళు, ఒకటి రెండు అదనం. పళ్ళు ఏవైనా ఇంట్లో కొయ్యొద్దు, బళ్ళో కోసేలా ఆయమ్మకి కత్తి, పలక ఇచ్చి ఉంచితే నల్లబడవు, నీరుగారవు.

గుగ్గిళ్ళు, ఇడ్లీ లాంటి తడి వంట ఏదైనా దించాక 2 గంటల్లో తినేయాలి. ఎండ 32 డిగ్రీలు దాటిన రోజుల్లో గంటలోపే. కాబట్టి తాలింపు బయల్దేరబోయే ముందే పెట్టండి. పొగలు కక్కుతుండగా మూత బిగిస్తే ఆవిరి నీళ్ళై పైనుంచి కారి, తెరిచేసరికి గిన్నె జిగురు వాసన కొడుతుంది. పళ్ళెంలో పరిచి పది నిమిషాలు ఆవిరి పోనిచ్చి సర్దండి. కొబ్బరి, కొబ్బరి చట్నీ మార్చి నుంచి బంద్. ఎండాకాలం సోమ, బుధవారాలు కూడా పళ్ళకే మార్చెయ్యడం మేలు.

ఎవరో ఒకరు మర్చిపోతారు, తప్పదు. టీచర్ దగ్గర 200 రూపాయలు ఉంచండి, ఆయమ్మ సందు చివర బండి మీద డజను అరటిపళ్ళు తెస్తుంది. ఆ డబ్బు మర్చిపోయినవాళ్ళు మర్నాడు తిరిగి పెట్టేస్తారు. గిన్నె అడుగున ఇంటిపేరు మార్కర్‌తో రాయండి, మూత మీద వేరేగా రాయండి. పోయేది ఎప్పుడూ మూతే.