తోక మీద నెత్తుటి చార కనిపిస్తే

ఆవు తోకకు ఎండిన నెత్తురు అంటుకుని కనిపించగానే ఎదకొచ్చిందనుకుని సూది (కృత్రిమ గర్భధారణ) వేయించడానికి పరుగెత్తకండి. ఎద అయిపోయి ఒకటి నుంచి మూడు రోజులైందని దానర్థం. అండం ఎప్పుడో విడుదలైపోయింది, ఇప్పుడు వేయించినా చూడి కట్టదు. అలాగని ఆ చార వృథా కాదు. వెంటనే తేదీ రాసుకోండి. ఎద సుమారు 21 రోజులకోసారి తిరిగి వస్తుంది కాబట్టి, 16వ రోజు నుంచే పొద్దున, సాయంత్రం, మళ్లీ రాత్రి పడుకోబోయే ముందు ఒక ఇరవై నిమిషాలు ఊరికే నిలబడి చూడండి. రాత్రిపూట ఎదకొచ్చేవి చాలా ఉంటాయి.

తోటి పశువు మీదెక్కినా కదలకుండా నిలబడిందా, మానం నుంచి గాజులా తేటగా జిగురు తీగ వేలాడుతోందా? అదే అసలైన ఎద. పొద్దున కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున సూది వేయించాలి. తీగ మసగ్గా, చీములా ఉంటే ముందు డాక్టరుకు చూపించండి.

మెడకు సెన్సర్ పట్టీ కట్టినవాళ్లకూ ఒక మాట. నడక పెరిగి నెమరు తగ్గితే అది ఎదను పట్టేస్తుంది, నిజమే. కానీ కుంటుతున్న ఆవు ఎదలో ఉన్నా పెద్దగా తిరగదు, పట్టీ కూడా పట్టుకోలేకపోవచ్చు. అలాంటిదాని గిట్టలు ముందు చూడండి.