పల్లె పోస్టాఫీసు మూతపడితే కొండదారిలో సరుకులు ఎలా అందుకోవాలి

ఒడిశా కొండల్లో గుణుపురం నుంచో రాయగడ నుంచో కోరాపుట్ వైపు వారం పది రోజులు కాలినడకన పోవాలని అనుకుంటున్నారా? అయితే ముందే ఒక మాట. సరుకుల పార్సిల్‌ని దారిలో పడే చిన్న ఊరి బ్రాంచ్ పోస్టాఫీసుకు మాత్రం పంపకండి. నేను పంపాను. ఐదు రోజుల తిండి, బీపీ మాత్రలు అందులోనే ఉన్నాయి, ఒక్కటీ చేతికి రాలేదు.

రాయగడ దాటాక కొండల్లో ఒక ఊరు, పేరు చెప్పను. పదకొండు గంటలకల్లా చేరుకున్నాను, ఎందుకంటే బ్రాంచ్ ఆఫీసు రోజుకు నాలుగైదు గంటలే తెరుస్తారని తెలుసు. గది తలుపుకు తాళం వేసి ఉంది. పక్కన వేపచెట్టుకు కట్టిన ఎర్ర డబ్బా ఇంకా అలాగే వేలాడుతోంది కానీ మూత తుప్పు పట్టేసింది, ఉత్తరం వేసే సందు పొడుగునా కందిరీగలు మట్టిగూడు పెట్టేశాయి. వేలు పెట్టి చూస్తే మట్టి గట్టిగా, ఎండిపోయి ఉంది, అంటే ఆ సందులోంచి ఉత్తరం పడి చాలా కాలమైందన్నమాట. ఎదురింటి అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న ముసలమ్మ నన్ను చూసి, "పోస్టు బాబు రిటైరైపోనాడు బాబూ, కొత్తోల్ని ఎయ్యలేదు, సంచి ఇప్పుడు పెద్దూరికే ఎల్తంది" అంది. ఆ పెద్దూరు ఇరవై కిలోమీటర్ల పైనే, అదీ నేను వచ్చిన దారినే వెనక్కి. అక్కడికి ఫోన్ చేస్తే పార్సిల్ తిరుగు టపాలో వెళ్లిపోయిందన్నారు. సాధారణంగా వారం దాటితే పంపినవాళ్లకే వెనక్కి పంపేస్తారు, వాళ్లను తప్పుపట్టడానికి లేదు.

ఈ మూతలు ఎలా జరుగుతాయో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. బ్రాంచ్ పోస్టాఫీసుకు సాధారణంగా సర్కారు కట్టిన భవనం ఉండదు, బ్రాంచ్ పోస్ట్‌మాస్టరే చోటు చూపించాలి, చాలా ఊళ్లలో అది ఆయన ఇంట్లో ఒక గది. ఆయన రిటైరైనా, ఇల్లు మారినా పోస్టాఫీసు ఆయనతోపాటే కదిలిపోతుంది. ఖాళీ నింపేదాకా పక్క ఊరి పోస్ట్‌మాస్టరుకు ఇన్‌ఛార్జ్ ఇస్తారు, ఆయన తన ఊరి పని చూసుకుని వస్తాడు, ఒక్కోసారి రాలేడు. కాగితం మీద మాత్రం ఆఫీసు ఉన్నట్టే, పిన్‌కోడ్ వెతికితే ఊరి పేరు కనిపిస్తుంది, మనం దాన్ని చూసి మోసపోతాం. ఇంకోటి, బ్రాంచ్ ఆఫీసులో పనంతా చేతి మెషీన్ మీదే, సిగ్నల్ లేని రోజున తలుపు తెరిచే ఉన్నా పని కాదు. ఖర్చులో ఇంత వంతు ఆదాయం రావాలని లెక్క కూడా ఉంది, మైదాన ప్రాంతంలో మూడో వంతు, కొండ, గిరిజన ప్రాంతాల్లో 15 శాతం. ఊళ్లో ఉత్తరాలు రాసేవాళ్లే లేకపోతే ఆ 15 శాతమూ కష్టమే.

ఈ ఇబ్బంది మన ఒక్కరిదే కాదు. అమెరికాలో అప్పలాచియన్ ట్రెయిల్ అని 14 రాష్ట్రాల గుండా సుమారు 3,500 కిలోమీటర్ల కాలిబాట ఉంది, అక్కడ నడిచేవాళ్లు దశాబ్దాలుగా తిండి డబ్బాలను దారి పక్క ఊళ్ల పోస్టాఫీసులకు తమ పేరు మీదే పంపుకుంటున్నారు, అక్కడ దాన్ని జనరల్ డెలివరీ అంటారు, 30 రోజుల దాకా ఉంచుతారు. 2011లో వాళ్ల తపాలా శాఖ సుమారు 3,700 ఆఫీసులను మూసే ఆలోచనతో జాబితా వేసింది, ఎక్కువ భాగం పల్లెల్లోవే. గొడవ అయ్యాక 2012లో మూసే బదులు సుమారు 13,000 ఆఫీసుల పనివేళలను రోజుకు రెండు, నాలుగు, ఆరు గంటలకు కుదించింది. శనివారం మధ్యాహ్నం చేరితే సోమవారం దాకా ఆగాల్సిందే. అక్కడివాళ్లు నేర్చుకున్నది ఏమిటంటే, పెట్టెలు తక్కువ పంపడం, కొట్లలో ఎక్కువ కొనడం, పోస్టాఫీసు బదులు హాస్టల్‌కో కొట్టుకో పంపడం. ఆ పద్ధతి మన కొండలకు ఇంకా బాగా సరిపోతుంది, ఎందుకంటే మనకు వారం వారం సంత ఉంది.

సరే, ఇక పని. మొదట పార్సిల్‌లో ఏం వెయ్యాలో తేల్చుకోండి. తిండి వెయ్యకండి. రోజూ వాడే మందులు, విడి కళ్లజోడు, మీ కాలికి సరిపోయే బూట్లు లేక ఇన్‌సోల్, ముందు దారికి ప్రింటు తీసిన మ్యాపులు, పవర్‌బ్యాంక్ కేబుల్, ఇలాంటివి పల్లెలో దొరకవు, వీటినే పంపాలి. గ్యాస్ డబ్బా, లైటరు, అగ్గిపెట్టె పార్సిల్‌లో నిషేధం, అగ్గిపెట్టె ఏ కొట్లోనైనా దొరుకుతుంది. ఆవకాయ పంపాలనే ఆశ నాకూ ఉండేది, నూనె కారి పక్కవాళ్ల పార్సిల్ కూడా పాడవుతుంది, వద్దు.

ఎక్కడికి పంపాలి అంటే పట్నానికే. పర్లాకిమిడి 761200, గుణుపురం 765022, రాయగడ 765001, కోరాపుట్ 764020, జయపురం 764001, ఈ ఐదు చాలు, వీటి మధ్య దూరాన్ని మీ నడకకు తగ్గట్టు విడదీసుకోండి. పేరు కింద పోస్ట్ రెస్టాంట్ (మనం వచ్చి తీసుకునేదాకా ఆఫీసులోనే ఉంచమని అర్థం), కేరాఫ్ పోస్ట్‌మాస్టర్ అని రాసి, ఫోన్ నంబరు, మీరు చేరే తేదీ వెయ్యండి. కానీ రాసే ముందు ఆ ఆఫీసుకు ఫోన్ చేసి పోస్ట్‌మాస్టరు గారిని అడగండి, ఎన్ని రోజులు ఉంచుతారో, ఏ గుర్తింపు కార్డు చూపించాలో ఆయనే చెబుతారు. అడ్రసు తెలుగులో రాస్తే అక్కడ చదవడం కష్టం, ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాయండి, ఒడియా వచ్చినవాళ్ల చేత కింద ఇంకోసారి రాయిస్తే మరీ మంచిది. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు, కాబట్టి స్పీడ్ పోస్టే చెయ్యండి, 13 అక్షరాల ట్రాకింగ్ నంబరును ఫోన్‌లోనూ, కాగితం మీదా రెండు చోట్లా రాసి పెట్టుకోండి, కొండల్లో ఫోన్ ఛార్జింగ్‌ని నమ్ముకోలేం.

సరిహద్దు దగ్గర ఒక మెలిక ఉంది. పాతపట్నం, పర్లాకిమిడి మధ్య మహేంద్రతనయ నది ఒక్కటే అడ్డం, అయినా పాతపట్నం వైపు ఆంధ్రప్రదేశ్ తపాలా సర్కిల్, పర్లాకిమిడి వైపు ఒడిశా తపాలా సర్కిల్. పక్కూరే కదా రేపటికి అందుతుందని లెక్క వెయ్యకండి. సెలవులు కూడా వేరుగా ఉంటాయి, రథయాత్ర ముందూ వెనకా ఒడిశా క్యాలెండర్ చూసుకుని బయలుదేరండి. నేనైతే చేరే తేదీకి వారం ముందే పార్సిల్ వేస్తాను, ముందే వస్తే పర్వాలేదు, ఆలస్యమైతేనే చావు.

తిండి సంతలో కొనండి. చటికోనలో బుధవారం, ఒనకఢిల్లీలో గురువారం, కుందులిలో శుక్రవారం సంత, మీ నడకని ఆ వారాలకు అల్లుకోండి. పొద్దున్నే చేరాలి, మధ్యాహ్నం తర్వాత మంచి సరుకు ఉండదు. రాగిపిండి, అటుకులు, బెల్లం, వేయించిన వేరుశనగలు, చింతపండు, ఉప్పుచేప, మనిషికి రోజుకు ఆరేడు వందల గ్రాములు పొడి సరుకు చాలు, ఐదు రోజులకు మూడున్నర కిలోల దాకా అవుతుంది. రాగిపిండి నాణ్యత తెలియాలంటే చిటికెడు నోట్లో వేసుకోండి, ముక్కిపోయింది అయితే నాలుక చివర చేదు తగులుతుంది, సంచిలో మూడు రోజులు మోశాక తెలుసుకునే కన్నా అక్కడే తెలుసుకోవడం నయం. చటికోనకు డొంగ్రియా కొంధులు, ఒనకఢిల్లీకి బొండాలు అనే గిరిజనులు కొండ దిగి వస్తారు, అది వాళ్ల వారం సరుకుల రోజు, కెమెరా తియ్యకండి, బేరం కూడా మరీ గీసి గీసి ఆడకండి. వాళ్ల ఊళ్లలోకి వెళ్లాలంటే అనుమతి తీసుకుని వెళ్లండి.

ఇక మధ్యలో మనిషి సాయం. ఈ జిల్లాల్లో బజారు ఉన్న చాలా ఊళ్లలో ఒక తెలుగు కిరాణా కొట్టు ఉంటుంది, లోపలికి పోయి "బాబాయ్, ఒక సంచి వారం రోజులు ఉంచుతారా" అని అడిగితే కాదన్నవాళ్లు నాకు ఇప్పటిదాకా ఎదురవలేదు. కానీ ఊరికే అడగకండి, ముందు అక్కడే సరుకు కొనండి, సంచి మీద పేరు, తేదీ రాసి ఇవ్వండి, ఏ తేదీ దాకా మీరు రాకపోతే ఆ సంచిని ఏం చెయ్యాలో కూడా చెప్పండి. నడక మొదలు పెట్టే ముందు ఒకసారి బస్సులో ఆ దారి పొడుగునా వెళ్లి సంచులు మీ చేతులతోనే దింపి రావడం అన్నిటికన్నా గట్టి పద్ధతి, ఒక్క రోజు పోతుంది కానీ వారం నిద్ర పడుతుంది. ఆర్టీసీ కార్గో కూడా ఉంది, పెద్ద ఊళ్లకు మాత్రం పనికొస్తుంది.

బ్రాంచ్ ఆఫీసు తెరిచి ఉన్న ఊళ్లో ఆగినప్పుడు మాత్రం ఒక పని చెయ్యండి, ఇంటికి ఉత్తరం రాసి స్పీడ్ పోస్ట్ చెయ్యండి, ఆ డబ్బులు ఆ ఆఫీసు లెక్కలోకి వెళ్తాయి. తాళం పడిన ఊరు కనిపిస్తే తేదీ, ఊరి పేరు రాసి ఆ తపాలా డివిజన్ సూపరింటెండెంట్‌కు ఉత్తరం రాయండి. మనకు పోయేది ఒక పార్సిల్, అక్కడివాళ్లకు ఉపాధి కూలీ డబ్బు, పొదుపు ఖాతా, కొడుకు పంపిన మనియార్డర్ కూడా ఆ గదిలోంచే రావాలి. ఆ ముసలమ్మ నాతో చివరికి అన్న మాట అదే, "నువ్వు రేపు ఎల్లిపోతావు బాబూ, నాను పాస్‌బుక్కు పట్టుకుని పెద్దూరు నడవాల."

పట్నంలో పార్సిల్ అందుకున్నాక సంతకం పెట్టే ముందు కుట్టు, సీలు చూసుకోండి, ఏదైనా తెగి ఉంటే అక్కడే చెప్పండి. పార్సిల్ కుట్టిన గుడ్డను పారెయ్యకండి, రేపు సంతలో రాగిపిండి కట్టించుకోవడానికి అదే పనికొస్తుంది.