గార్డెన్ ట్రాక్టర్ బెల్ట్ తెగిందా? కొత్తది వేసే ముందు ఇవి చూడండి

అమెరికాలో పెద్ద లాన్ ఉన్న ఇల్లు కొన్న మనవాళ్ళకు కూర్చుని గడ్డి కోసే ట్రాక్టర్ మొదట్లో భలే ముచ్చటగా ఉంటుంది. కొన్నాళ్ళకు కింది నుంచి కీచుమని చప్పుడు, కాలిన రబ్బరు వాసన మొదలవుతాయి. బెల్ట్ పోయిందనుకుని కొత్తది తెచ్చి వేస్తాం. నేనూ అదే చేశాను. పదిహేను రోజులకే అదీ తెగింది. అసలు రోగం బెల్టుది కాదు, బిగుసుకుపోయిన ఓ చిన్న పుల్లీది, అంటే బెల్ట్ చుట్టి తిరిగే గాడి చక్రానిది.

ఈ బండికి మామూలుగా రెండు బెల్టులుంటాయి. ఇంజిన్ నుంచి వెనక చక్రాలకు బలం అందించేది డ్రైవ్ బెల్ట్. బండి కింద బ్లేడ్లను కప్పి ఉండే ఇనుప పెట్టె డెక్, అందులోని బ్లేడ్లను తిప్పేది డెక్ బెల్ట్. బండి బాగానే నడుస్తూ గడ్డి తెగకపోతే ముందు డెక్ బెల్టునే అనుమానించాలి.

పని మొదలుపెట్టే ముందు ఇంజిన్ చల్లారనివ్వండి. చదునైన చోట పార్కింగ్ బ్రేక్ వేసి, తాళంచెవి తీసి, స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీయండి. రెండు ప్లగ్గులుంటే రెండూ తీయాలి. చేతికి మందపాటి గ్లవ్స్ ఉండాలి. ఒక్క జాకీని నమ్ముకుని బండి కింద దూరకండి.

డెక్‌ను బాగా కిందికి దించి, బెల్ట్ ఏ పుల్లీకి ఏ వైపు నుంచి వెళ్తోందో ఫోన్‌తో రెండు మూడు ఫోటోలు తీసుకోండి. గుర్తుంటుందిలే అనుకుంటే తర్వాత గంటసేపు తల గోక్కోవాల్సిందే. తర్వాత ఇంజిన్ పుల్లీ మీంచి బెల్టును జార్చి, డెక్‌ను పట్టి ఉంచే పిన్నులు తీసి, పక్కనుంచి లాగేయండి. కొన్ని బండ్లలో డెక్ బరువు తగ్గగానే ఎత్తు మార్చే లివర్ స్ప్రింగ్ బలంతో ఠక్కున పైకి లేస్తుంది, మొహం దూరంగా పెట్టుకోండి.

ఇప్పుడు అసలు పరీక్ష. బెల్టు లేకుండా ఒక్కో పుల్లీని చేత్తో తిప్పండి. గరగరమన్నా, పట్టేసినట్టున్నా దాని బేరింగ్ పోయినట్టే. బ్లేడ్లు బిగించే స్పిండిళ్ళను అటూ ఇటూ కదిపి చూడండి, ఊగకూడదు. బెల్టుకు టెన్షన్ ఇచ్చే ఐడ్లర్ పుల్లీ బిగించి ఉన్న కడ్డీని లాగి వదిలితే స్ప్రింగ్ దాన్ని వెంటనే వెనక్కి తేవాలి. అక్కడ ఎండుగడ్డి, తుప్పు చేరితే అది కదలదు, బెల్ట్ వదులై జారి, వేడెక్కి కాలిపోతుంది.

బెల్ట్ అంచులు పీచులు లేచినా, పగుళ్ళున్నా, పక్కలు అద్దంలా నున్నగా మెరుస్తున్నా మార్చాల్సిందే. కొలత సరిపోయింది కదా అని కారు బెల్ట్ వేయొద్దు. మాన్యువల్‌లో ఉన్న పార్ట్ నంబరు చూసి కొనండి. బిగించేటప్పుడు పుల్లీల పక్కనుండే చిన్న ఇనుప కొక్కేల లోపలి నుంచే బెల్ట్ వెళ్ళాలి, ఎక్కడా మెలిక పడకూడదు. డ్రైవ్ బెల్ట్ డెక్‌కు పైన ఉంటుంది కాబట్టి, దాన్నీ ఇప్పుడే చూసేయడం మంచిది.

డెక్ అడుగున గట్టిపడిన గడ్డిని ప్లాస్టిక్ గరిటెతో గీకేయండి. అది తేమను పట్టి ఉంచి ఇనుమును తినేస్తుంది. ప్రెషర్ వాషర్‌తో మాత్రం స్పిండిళ్ళ మీద కొట్టకండి, నీళ్ళు బేరింగుల్లోకి పోతాయి. బ్లేడును పాత వాలులోనే ఆకురాయితో పదును పెట్టి, రెండువైపులా బరువు సమానంగా ఉందో లేదో చూడటానికి మధ్య రంధ్రాన్ని గోడ మేకుకు తగిలించండి. ఒకవైపు వాలితే ఆ వైపు ఇంకాస్త అరగదీయాలి. బిగించేటప్పుడు బ్లేడు రెక్కలు డెక్ వైపు, అంటే పైకి ఉండాలి. బోల్టును మాన్యువల్ చెప్పిన మేరకు టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానాతో) బిగించండి.

డెక్ తిరిగి ఎక్కించాక మొట్టమొదట టైర్లలో గాలి సరిచేయండి. ఒక టైరు మెత్తగా ఉంటే డెక్ కొలతలన్నీ తప్పుతాయి. కుడి ఎడమ బ్లేడు కొసలు నేల నుంచి దాదాపు ఒకే ఎత్తులో, ముందు కొస వెనకదాని కంటే కొద్దిగా కిందికి ఉండాలి. ఎంత కిందికనేది మోడల్‌ను బట్టి మారుతుంది. ప్లగ్ వైరు తగిలించి, సీట్లో కూర్చునే స్టార్ట్ చేయండి. మొదటి అరగంట కోశాక బండి ఆపి, తాళంచెవి తీసి, బెల్ట్ తన దారిలోనే ఉందో లేదో మరోసారి వంగి చూడండి.